కృష్ణా తుంగభద్రల క్షేత్రాలు: తొలినాటి ఛాయాచిత్రాల్లో ఆధ్యాత్మిక సంకేతాలు

పడమటి కొసన కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ, తూర్పు కొసన నల్లమల, నడుమ వనపర్తి చెరువుల పల్లెలు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల నేల ఇది. పరిపాలన లెక్కలో మూడు జిల్లాలు. యాత్రికుల లెక్కలో మాత్రం ఇదంతా శ్రీశైలం వాకిలి. ఆ క్షేత్రానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వీటిలో పడమటి ద్వారం జోగుళాంబ గద్వాల జిల్లాలోనూ, ఉత్తర ద్వారం నాగర్‌కర్నూలు జిల్లాలోనూ ఉన్నాయి. గుడికి వాకిలి ఉన్నట్టే కొండకీ వాకిళ్లుంటాయనీ, ఆ వాకిళ్ల మధ్య దూరం ఎంతయినా అది ఒకే ప్రాంగణమనీ నమ్మే చోటు ఇది.

ఇలాంటి చోట్లకు 19వ శతాబ్దం మధ్యలో కెమెరా వచ్చింది. అప్పటి నుంచి సుమారు వందేళ్లపాటు దక్కనులోనూ, చుట్టుపక్కల తెలుగు సీమలోనూ పుణ్యక్షేత్రాల పరిసరాలను ఫొటోలు ఎలా చూపాయి, వాటిలో పవిత్రతకు గుర్తుగా నిలిచినవేవి, జారిపోయినవేవి అన్నది ఈ వ్యాసం విషయం. ఒక మాట ముందే చెప్పాలి. ఆ తరం ఫొటోగ్రాఫర్లు పవిత్రతను ఏకాంతంలో, శిథిలంలో, ఎత్తులో వెతికారు. ఇక్కడి జనానికి అది ద్వారంలో ఉంది, నదుల కలయికలో ఉంది, నడిచే దారిలో ఉంది. అంటే ఒక చోటికీ మరో చోటికీ ఉన్న సంబంధంలో ఉంది. సంబంధం ఒక గాజుపలక మీదికి రాదు. వచ్చినచోట కూడా ఫొటోగ్రాఫర్ ఉద్దేశం వల్ల కంటే రసాయనాల పరిమితి వల్లే ఎక్కువగా వచ్చింది.

కెమెరాకు ముందటి చూపు

క్షేత్రాన్ని ఫలానా చోట నిలబడి, ఫలానా దిక్కుకు, ఫలానా చట్రంలోంచి చూడాలన్న ఆలోచన కెమెరాతో రాలేదు. శ్రీశైలానికి అడవిదారిన వెళ్లేవారికి ముందుగా తగిలే ఎత్తైన చోటు శిఖరేశ్వరం. అక్కడ నువ్వులు పోసి, నంది కొమ్ముల నడుమ నుంచి దూరాన ఉన్న మల్లికార్జునుడి గుడి శిఖరాన్ని చూస్తారు. అది కనిపించినవారికి మళ్లీ పుట్టుక లేదని నమ్మకం. నిలబడే చోటు, చూసే దూరం, చట్రం, చూడవలసిన వస్తువు, నాలుగూ ముందే నిర్ణయమై ఉన్నాయి. ప్రకృతి దృశ్యాన్ని తీసే ఫొటోగ్రాఫరుకు కావలసినవీ ఆ నాలుగే. తేడా ఫలితంలో ఉంది. శిఖర దర్శనంలో ఏదీ మిగలదు, మిగలక్కరలేదు. అక్కడ చూడటమే పని.

అదే కొండ మీద ఇంకో చూపు గురించి కాలిన్ మెకంజీ రాశాడు. తర్వాతి కాలంలో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన ఈయన 1794లో శ్రీశైలం వెళ్లాడు. ఆ యాత్ర వివరం ఏషియాటిక్ రీసెర్చెస్ అయిదో సంపుటంలో అచ్చయింది. చీకటి గర్భగుడిలోని లింగాన్ని మెరుగుపెట్టిన అద్దం మీది వెలుగు మళ్లించి చూపించే పద్ధతి అప్పట్లో అక్కడ ఉండేది. వెలుగు పడిన క్షణంలో కనిపించినంతే దర్శనం. ఫొటోగ్రఫీ పుట్టడానికి నాలుగు దశాబ్దాలకు పైగా ముందు, నల్లమల నడిమధ్యన, మూలవిరాట్టును చూడటానికి కాంతిశాస్త్రాన్ని వాడుకున్నారన్నమాట. ఇంత ఆసక్తికరమైన సంగతి ఫొటోగ్రఫీ చరిత్రలు రాసేవారి కంట ఎందుకు పడదో తెలియదు. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి తోటివారూ పోగుచేసిన కైఫియత్తులు ఈ చూపుకు అక్షరరూపం. ఊరి ఎల్లలు, చెరువులు, శాసనాలు, దేవుడు వెలసిన కథ అన్నీ వాటిలో ఒకే వరసలో వస్తాయి. స్థలాన్నీ మహిమనూ విడదీసే అలవాటు ఆ రాతకు లేదు. ఆ విడదీతను కెమెరా తెచ్చింది.

రసాయనాలు రాసిన సంకేతాలు

మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1856లో ఏర్పడింది. ఆ ఏడాదే మద్రాసు సైన్యపు అధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా తుంగభద్ర ఒడ్డున హంపీ శిథిలాలను అరవై దాకా మైనపు కాగితపు నెగటివ్‌ల మీద తీశాడు. అలంపురం ముందు నుంచి పారే నది అదే. మరుసటి ఏడాది లీనియస్ ట్రైప్ మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరుగా పని మొదలుపెట్టి, 1858లో మదురై, తంజావూరు, శ్రీరంగం తదితర క్షేత్రాలను తీశాడు. అప్పట్లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల ఫొటోలు కూడా ఆయనవే. 1867–68లో ఎడ్మండ్ లయన్ తాడిపత్రి గుళ్లను తీశాడు. తెలుగు క్షేత్రాల ఛాయాచిత్రాల్లో మొదటి వరసలో నిలిచేవి ఇవి.

ఈ చిత్రాలన్నిటిలో ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంటుంది. కారణం భక్తి కాదు. ఆనాటి రసాయనాలు నీలపు కాంతికి అతిగా స్పందించేవి. రాతికి సరిపోయేంతసేపు లెన్సు తెరిచి ఉంచితే ఆకాశం మేఘాలతో సహా మాడిపోయేది. ఆకుపచ్చకు ఆ రసాయనాలు దాదాపు గుడ్డివి. అందువల్ల అడవి నల్లటి ముద్దగా పడేది. పారే నీరు సెకన్ల కొద్దీ ఎక్స్‌పోజరులో అలలన్నీ కలిసిపోయి పొగమంచులా కనిపించేది. కదిలే మనుషులు మాయమయ్యేవారు. ఏ నేపథ్యమూ లేని తెలుపు మీద నిలిచిన శిఖరం, కింద నల్లని చెట్లు, కదలని నీరు, ఒక్క ప్రాణీ లేని ప్రాంగణం: శాశ్వతత్వం అని లండన్‌లో చూసేవారు మురిసిపోయిన రూపం ఇది. ఇందులో చాలా భాగం వెండి లవణాల గుణం. ట్రైప్‌కు ఆ ఖాళీ ఆకాశం నచ్చేది కాదు. నెగటివ్ మీదే రంగుతో మేఘాలు దిద్దేవాడు. ఇప్పటి విమర్శకులు దివ్యశూన్యమని పొగిడే చోటును తీసినవాడే లోపమనుకుని పూడ్చుకున్నాడు.

మనుషులు లేకపోవడం అంతకంటే పెద్ద విషయం. శివరాత్రికి శ్రీశైలంలో నేల కనిపించదు. తిరునాళ్లు లేని క్షేత్రం మన ఊహకే అందదు. కానీ తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు అక్కడికక్కడే మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, గుడారంలోనే కడగాలి. మన ఎండకు పలక ఇట్టే ఆరిపోయేది. పండగ జనంలో ఆ సరంజామా దించడమే కష్టం, దించినా కదిలే జనం పలక మీద మసక తప్ప మరేమీ కారు. 1880లలో తయారుగా దొరికే పొడి పలకలు వ్యాపించేదాకా క్షేత్రమంటే జనం లేని క్షేత్రమే. అక్కడక్కడా అరుగు మీద కూర్చున్న ఒక మనిషి కనిపిస్తాడు. ఎత్తు తెలియడానికి కదలకుండా కూర్చోబెట్టిన కూలివాణ్ణి భక్తుడనో ధ్యానంలో ఉన్న సన్యాసి అనో చదివిన వ్యాఖ్యలకు లెక్కలేదు.

గర్భగుడి సంగతి వేరే చెప్పాలి. అక్కడ వెలుగూ లేదు, పరాయి మతస్థుడికి ప్రవేశమూ లేదు. కాబట్టి తొలి ఫొటోలన్నీ బయటి నుంచి తీసినవే. గోపురం, ప్రాకారం, కోనేరు, మెట్లు. దేవుడి వైపు దారి ఉంటుంది, దేవుడు ఉండడు. దీన్ని ఒక లోటుగా చెప్పడం రివాజు. మర్యాదగా కూడా చూడవచ్చు. లోపలికి పోలేని ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయం అధిష్ఠానం చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి 21 ప్రింట్లు అతికించి 19 అడుగుల పొడవున ఒకే చిత్రం చేశాడు. శాసనం వెంట నడుస్తూ తీసిన ఆ చిత్రాన్ని చూడాలంటే కన్ను కూడా దాని వెంట నడవాలి. ఆయన ఉద్దేశం లిపిని నమోదు చేయడమే. చూస్తుంటే మాత్రం ప్రదక్షిణకు అంత దగ్గరగా వచ్చిన ఫొటో ఆ కాలంలో మరొకటి లేదనిపిస్తుంది.

ఇతర పుణ్యభూములు

ఆ దశాబ్దాల్లో ప్రపంచమంతటా ఇదే తంతు నడిచింది. 1854లో ఓగుస్త్ సాల్జ్‌మన్ జెరూసలేం గోడలను తీశాడు. ఆ కట్టడాల కాలం గురించి ఒక పండితుడు చెప్పిన సిద్ధాంతానికి సాక్ష్యం సంపాదించడం అతని పని. వచ్చినవి మాత్రం నీడలు కమ్మిన రాళ్ల చిత్రాలు. ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1850ల చివర్లో ఈజిప్టు, పాలస్తీనాలు తిరిగి తీసిన ఫొటోలు బైబిలు చదివే ఇళ్లలోకి చేరాయి. 1866లో శామ్యూల్ బోర్న్ పదుల కొద్దీ కూలీలతో సామాను మోయించుకుని గంగోత్రి హిమానీనదం దాకా ఎక్కి గోముఖాన్ని తీశాడు. బోర్న్‌కు ప్రకృతి చిత్రకళ నేర్పిన కన్ను ఉంది. ముందు రాయి, నడుమ నీరు, వెనక కొండ అనే మూడంచెల కూర్పు ఆయన గంగలోనూ వెతికాడు.

వీరందరికీ భిన్నంగా నిలిచేవాడు ముహమ్మద్ సాదిక్ బే. ఈజిప్టు సైన్యంలో ఇంజనీరయిన ఈయన 1861లో మదీనాను, 1880–81 ప్రాంతంలో మక్కాను తొలిసారి ఫొటోలు తీశాడు. తానూ యాత్రికుడే. ఆయన చిత్రాల్లో కాబా చుట్టూ ప్రార్థించే జనం ఉన్నారు. క్షేత్రమంటే జనం కూడిన చోటని తెలిసినవాడు తీస్తే చట్రం ఎంత మారుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో

మన మూడు జిల్లాలు అప్పుడు హైదరాబాదు రాజ్యంలో, అందులోనూ చాలా భాగం సంస్థానాల కింద ఉండేవి: గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు. సంస్థానాలకు ఫొటోగ్రఫీ ముఖ్యంగా దర్బారు వ్యవహారం. రాజావారి చిత్రం, వేట, అతిథులు. దేవుణ్ణి తీయించుకోవలసిన అవసరం వారికి కనిపించలేదు. గద్వాల కోటలో చెన్నకేశవుడు ఇంట్లోనే ఉన్నాడు. వనపర్తి ప్రభువులు కట్టించిన శ్రీరంగాపురం రంగనాయకుడి గుడి చెరువు నీటిలో తలకిందులుగా కనిపిస్తూ ఉండనే ఉంది. గుడి, దాని నీడ, మధ్య గీతలా ఒడ్డు: తొలి తరం ఫొటోగ్రాఫర్లు దేశమంతా కోనేళ్ల దగ్గర మళ్లీ మళ్లీ వెతుక్కున్న కూర్పు అది.

రాజ్యం మొత్తానికి దృశ్యాన్ని ఇచ్చినవాడు లాలా దీన్ దయాళ్. 1844లో సర్ధనలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందోరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరును చేసి, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. సర్వే చదువు ఆయన చేతిలో కనిపిస్తుంది. గోడలు నిటారుగా, అంచులు పదునుగా, నీడలు లెక్క ప్రకారం ఉంటాయి. గుడిని గుడిగా చూస్తూ పెరిగినవాడు కదా, ఆయన ఫొటోల్లో భక్తి వేరుగా ఉంటుందని కొందరు ఊహిస్తారు. నాకైతే అది కనిపించదు. ఆయన దర్బారునూ దేవాలయాన్నీ ఒకే గౌరవంతో తీశాడు. దాన్ని వృత్తి గౌరవం అంటే చాలు.

1914లో హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ తొలి డైరెక్టరు. అజంతా చిత్రాల మీద ఈయన వెలువరించిన సంపుటాలు, వాటి కోసం ఇ. ఎల్. వాసీ తీసిన రంగు ఫొటోలు లోకప్రసిద్ధం. శాఖ వార్షిక నివేదికల్లో గుళ్ల ఫొటోలు ప్లేట్లుగా వచ్చేవి. వాటి భాష పూర్తిగా వేరు. భావం కనిపించకూడదన్నది నియమం. కట్టడం మొత్తం, ఒక పార్శ్వం, ఒక స్తంభం, ఒక శిల్పం. బోర్న్ లాంటివారు తెచ్చిపెట్టిన విషాద సౌందర్యం ఈ ప్లేట్లలో లేదు.

అలంపురం

తుంగభద్ర పడమటి ఒడ్డున, కృష్ణలో కలవబోయే చోటికి కొంచెం ఎగువన అలంపురం. దక్షిణ కాశి అంటారు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మాలయాలు ఇక్కడున్నాయి: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. పేర్లు బ్రహ్మవి, లోపల అన్నీ శివలింగాలే. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేశాడని ఒక కథ, రససిద్ధుడు పరుసవేదితో గుళ్లు కట్టించాడని మరో కథ. తారక బ్రహ్మాలయం మినహా తక్కినవి రేఖానాగర శిఖరాలు, తల మీద ఆమలకం. ఒడిశాలోనో మధ్య భారతంలోనో చూడవలసిన శిఖరాలు నడిగడ్డలో ఎందుకున్నాయన్నది కళాచరిత్రకారుల ప్రశ్న. అందుకే అలంపురం ఫొటో శైలీచర్చలో సాక్ష్యంగా మారింది. ఎం. రామారావు 1965లో వెలువరించిన ఆంధ్రదేశపు తొలి చాళుక్య దేవాలయాల పుస్తకం, అటు తర్వాత అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి భారతీయ దేవాలయ వాస్తు విజ్ఞాన సర్వస్వం ఈ దారిలో వచ్చినవే.

శైలి చూపాలంటే గుడిని మూల నుంచి తీయాలి. అప్పుడు రెండు పార్శ్వాలూ, శిఖరం ఎత్తూ, మండపం పొడవూ ఒకే చిత్రంలో వస్తాయి. అలంపురం ఫొటోల్లో ఈ మూలచూపుదే రాజ్యం. గుడికి వచ్చినవాడు మాత్రం ఎప్పుడూ అలా చూడడు. ఎదురుగా నిలబడతాడు, లేదా చుట్టూ తిరుగుతాడు. ఈ గుళ్లలో గర్భగుడి చుట్టూ గోడల లోపలే ప్రదక్షిణపథం ఉంది. జాలీ కిటికీల నుంచి వచ్చే వెలుగు నడిచేకొద్దీ మారుతుంది. స్వర్గబ్రహ్మాలయం శిఖరం ముందు గవాక్షంలో నటరాజు ఉన్నాడు. గుళ్లు తూర్పుకు తిరిగి ఉన్నాయి, తూర్పున నది. పొద్దున నీటి మీదుగా వచ్చే ఎండ ముఖాల మీద పడుతుంది. తూర్పు ముఖం, నది, ఉదయం అనే మూడు మాటలు కలిపితేనే ఈ కట్టడం అర్థం. మూల నుంచి తీసిన ప్లేటులో మొదటిది సగమే ఉంటుంది, తక్కిన రెండూ ఉండవు.

చట్రం అవతల ఉండిపోయినవి ఇంకా ఉన్నాయి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగుళాంబ పాత ఆలయం 14వ శతాబ్దం చివర బహమనీల దాడిలో పోయిందని చెబుతారు. అమ్మవారిని బాలబ్రహ్మాలయంలో ఉంచారు. జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉన్న ఉగ్రరూపం. పాత స్థలంలో కొత్త గుడి లేచింది 2005లో. అంతకుముందు శతాబ్దాల పాటు ఈ క్షేత్రానికి ప్రాణమైన దేవత, వాస్తుశిల్పపు ఫొటోలకు విషయమే కాలేదు. చాళుక్య శిల్పం కాని దేన్నయినా పక్కకు జరపడం ఆ పద్ధతి. గుళ్ల సరసనే ఉన్న షా అలీ పహిల్వాన్ దర్గా కూడా శైలిని చూపే చిత్రానికి అడ్డమే. జనం మాత్రం రెండు చోట్లకూ వెళ్తారు.

స్థానికంగా ఈ లోటు పూడ్చినవారు పండితులు. అలంపురంలో స్థిరపడి సుజాత పత్రిక నడిపిన గడియారం రామకృష్ణ శర్మ శాసనాలను, స్థలపురాణాన్ని, శిల్పాన్ని కలిపి చదివారు. ఆయన ఆత్మకథ శతపత్రానికి 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన పనికి, పురావస్తు శాఖ ప్లేట్లకు మధ్య ఉన్న తేడాయే కైఫియత్తుకూ కెమెరాకూ మధ్య ఉన్న తేడా.

నల్లమల వైపు

నాగర్‌కర్నూలు జిల్లా అడవిలోని క్షేత్రాలు అలంపురానికి తిరగేసినట్టుంటాయి. ఇక్కడ కట్టడం తక్కువ, స్థలమే దైవం. అచ్చంపేట దగ్గర రంగాపురం పైన ఉమామహేశ్వరం, ముందుకు వాలిన కొండచరియ కింద ఉంది. చరియ నుంచి ఏడాది పొడవునా నీరు చుక్కలుగా పడుతుంది. దాన్ని పాపనాశనం అంటారు. సలేశ్వరం ఇంకా లోపల, లోయ అడుగున, జలపాతం పక్క గుహలో. చైత్ర పౌర్ణమి ప్రాంతంలో కొద్ది రోజులే జాతర. అక్కడి శివుడు లింగమయ్యకు పూజారులు ఈ అడవి గిరిజనులైన చెంచులు. గుహ చీకటి, తెల్లటి నీరు, లోతైన లోయ ఒకే పలక మీద ఇమడటం పాత రసాయనాలకు సాధ్యమయ్యే పని కాదు. వెలుగులో ఉన్న నీటికి ఎక్స్‌పోజరు సరిచూస్తే గుహ నల్లబడుతుంది, గుహకు సరిచూస్తే నీరు మాడిపోతుంది.

ఈ అడవిని పట్టుదలగా ఫొటో తీసినవాడు క్షేత్రాల కోసం వచ్చినవాడు కాదు. ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి శత్రుదేశపు పాస్‌పోర్టుతో భారతదేశంలో చిక్కుకుని, హైదరాబాదు రాజ్యం దాటకూడదన్న ఆంక్షలో ఉన్నాడు. 1940లో అమ్రాబాదు పీఠభూమిలో చెంచుపెంటల మధ్య గడిపాడు. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. విల్లంబులు, గడ్డలు తవ్వే కర్రలు, గుడిసెలు, బండల మీద కూర్చున్న ముసలివాళ్లు ఆయన చిత్రాల్లో కనిపిస్తారు. గారెల మైసమ్మ గురించి ఆయన శ్రద్ధగా రాశాడు. వేటకు, అడవి పంటకు చెంచులు మొక్కే దేవత ఆమె. ఫొటోగ్రాఫరుకు ఇక్కడ చిక్కొస్తుంది. గోపురం లేదు, విగ్రహం లేదు. చెట్టు కింద రాయి ఒకటి ఉంటే ఉంటుంది. మల్లికార్జునుణ్ణి తమ ఇంటి అల్లుడిగా, చెంచు మల్లయ్యగా పిలుచుకునేవారికి కొండ అంతా బంధువుల ఇల్లే. అందువల్ల ఆయన ఫొటోల్లో పవిత్రత సంకేతంగా దేన్ని చూపాలో తెలియదు. నేను దాన్ని ఆ ఫొటోల బలంగానే ఎంచుతాను. అడవిలో మనుషులు మామూలుగా బతుకుతూ ఉంటారు, దైవం కోసం ప్రత్యేకంగా ఖాళీ చేసిన దృశ్యం ఉండదు. బోర్న్ గోముఖం పక్కన ఈ చిత్రాలు పెట్టి చూస్తే ఎనభై ఏళ్ల లోపే చూపు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

మన్ననూరు దగ్గర ఫరహాబాదు వ్యూపాయింటు నిజాముల వేట విడిది నాటి చోటు. లోయ మీదుగా చూపు సాగే ఆ అంచున నిలబడేవారికి అడవి ఆనందం. శిఖరేశ్వరంలో నంది వెనక నిలబడేవారికి అదే అడవి దాటవలసిన దారి. ఒకే నల్లమల మీద రెండు చూపులు.

నీటి కింద

ప్లేట్ల అర్థాన్ని తలకిందులు చేసిన సంఘటన శ్రీశైలం ఆనకట్ట. 1980ల తొలి నాళ్లలో జలాశయం నిండటంతో కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఎన్నో ఊళ్లు, వాటితో పాటు గుళ్లు మునిగాయి. ముంపుకు ముందే కొన్నిటిని విప్పి ఎత్తైన చోట తిరిగి కట్టారు. ప్రతి రాయికీ అంకె వేసి, కొలిచి, గీసి, ఫొటో తీసి, అదే క్రమంలో పేర్చారు. కృష్ణ మీదే, నల్లమల దాటిన తర్వాత దిగువన, నాగార్జునకొండ బౌద్ధ కట్టడాలకు ఇది అంతకుముందే జరిగింది. 1926లో బయటపడిన ఆ లోయ 1960లలో జలాశయమైంది. మిగిలింది కొండ మీది మ్యూజియం, తిరిగి కట్టిన శిథిలాలు.

కూడవెల్లి సంగమేశ్వరాలయం కథ అన్నిటికంటే ముఖ్యం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట చాళుక్యులు కట్టిన గుడి అది. సంగమమే దాని అర్థం. ముంపు వల్ల దాన్ని అలంపురానికి తెచ్చి నిలబెట్టారు. శిల్పం, స్తంభాలు, శిఖరం అన్నీ వచ్చాయి. రెండు నదులు రాలేదు. పేరు సంగమేశ్వరుడు, కళ్లముందు సంగమం లేదు. ఇక్కడ పాత ఫొటో విలువ మారిపోతుంది. వాస్తు కోసం తీసిన చిత్రంలో అంచున అనుకోకుండా పడిన నీరు, ఇసుక, అవతలి గట్టు, ఒకప్పుడు కత్తిరించి పారేయదగ్గ భాగాలు, ఇప్పుడు ఆ గుడి అసలు అర్థానికి సాక్ష్యం. శిల్పం ఎలాగూ అలంపురంలో చేతికి తగులుతుంది. చేతికి తగలనిది అంచుల్లో ఉంది. సోమశిలలో సోమేశ్వరుడి గుళ్లు, జటప్రోలులో మదనగోపాలస్వామి గుడి కూడా ఇలా చోటు మారినవే. అలంపురంలో నవబ్రహ్మలు ఉన్నచోటే ఉన్నా, నదికీ గుళ్లకీ నడుమ ఎత్తైన రక్షణ కట్ట లేచింది. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఆ ఊరినీ ముంచింది. కట్ట రాకముందు తీసిన అలంపురం చిత్రం చేతికొస్తే అందులో మొదట చూడవలసింది శిఖరాన్ని కాదు, నది ఎంత దూరంలో ఉందన్నది.

సోమశిలకు ఎదురుగా, కర్నూలు వైపు సంగమేశ్వరంలో ఇంకో రకం సంగతి. అక్కడి గుడిని తరలించలేదు. వేపచెక్క లింగం ఉన్న ఆ గుడి ఏటా నీట మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. ముందు శిఖరం కొస, తర్వాత గోడలు. ఇప్పుడు ఫోను పట్టుకున్న ప్రతివాడూ తీసే చిత్రం అదే: నీటి మధ్య ఒక శిఖరం. జనం లేని, నేపథ్యం లేని, కదలని నీటి మీది శిఖరం. 1850లలో రసాయనాల వల్ల వచ్చిన రూపాన్ని ఇక్కడ ఆనకట్ట తయారుచేసి పెట్టింది. పూజారులు పడవలో వెళ్లి శిఖరానికే పూజ చేసే రోజులూ ఉంటాయి. ఆ ఫొటోల్లో మాత్రం పడవ కంటే ఖాళీ నీరే ఎక్కువగా కనిపిస్తుంది.

ఎక్కడ వెతకాలి

ఈ ప్రాంతపు పాత చిత్రాలు ఒకచోట లేవు. ట్రైప్, లయన్ ప్రింట్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ సంగ్రహాల్లో ఉన్నాయి. దీన్ దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. హైమన్‌డార్ఫ్ ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. గ్రీన్‌లా నెగటివ్‌లు 1980లలో మళ్లీ వెలుగు చూశాక, ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ హంపీలో అవే చోట్ల నిలబడి అవే దృశ్యాలను తిరిగి తీశాడు. నడిగడ్డకు అలాంటి పని ఇంకా బాకీ.

వెతికేవారికి పేర్లు అడ్డుపడతాయి. పాత శీర్షికల్లో శ్రీశైలం పెర్వుట్టం అయి ఉంటుంది, హంపీ బిజానగర్, తాడిపత్రి తర్‌పుత్రి. జిల్లాలు ఇంకా తికమక. ఇప్పటి మూడు జిల్లాలు 2016 అక్టోబరులో ఏర్పడ్డాయి. అంతకుముందు ఇవన్నీ మహబూబ్‌నగర్‌లో ఉండేవి కదా అని అక్కడ వెతికితే అలంపురం, గద్వాల దొరకవు. 1956 దాకా ఆ రెండు తాలూకాలూ రాయచూరు జిల్లావి. నిజాం కాలపు నివేదికల్లో నవబ్రహ్మలను వెతికేవారు రాయచూరు పేజీలు తెరవాలి.